మూడ్ ఒక గడి, చెవిలో మాటలు ఇంకో గడి: డాక్టరుకు చూపించే నోట్‌బుక్ ఎలా రాయాలి?

ఇంట్లో మానసిక జబ్బున్న మనిషి గురించి "నెలరోజులుగా ఎలా ఉన్నాడు?" అని డాక్టరు అడిగితే "బాలేదండీ, ఇంట్లో ఒకటే గొడవ" అని చెప్పి వచ్చేస్తారు చాలామంది. ఆ ఒక్క మాటతో అది స్కిజోఫ్రీనియానా (లేని మాటలు వినపడటం, వదలని అనుమానాలు), స్కిజోఎఫెక్టివ్ డిజార్డరా (వాటితోపాటు మూడ్ కూడా బాగా పాడవడం) అని ఎవరూ తేల్చలేరు. విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీలోనైనా, ప్రైవేటు క్లినిక్‌లోనైనా దొరికేది కొద్ది నిమిషాలే. అందుకే నోట్‌బుక్.

రూళ్ల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, నీలం పెన్ను, ఎర్ర పెన్ను చాలు. ఫోన్ యాప్ వద్దు. ఫోన్లోంచి ఎవరో గమనిస్తున్నారని అనుమానపడే మనిషి ముందు ఫోన్ పట్టుకుని టకటకా కొడితే అనుమానం పెరుగుతుంది. పైగా రెండు నెలల పేజీలు తిప్పి చూసినంత తేలిగ్గా డాక్టరు ఏ తెరమీదా చూడలేరు. గోడ క్యాలెండరు అసలే వద్దు, వచ్చిన చుట్టాలంతా చదువుతారు. దాచి రాయకండి. చెప్పి రాయండి, వీలైతే తననే రాయమనండి.

తేదీ, నిద్ర గంటలు, మూడ్, మాటలు–అనుమానాలు, మందులు: ఐదు గడులు. మాటలంటే ఎవరూ లేకపోయినా తన చెవిలో వినపడేవి. రాత్రి భోజనమయ్యాక రోజుకో వరుస.

అందరూ పాడుచేసేది మూడ్ గడిని. సున్నా అంటే తన మామూలు స్థితి. దిగులుకి మైనస్ 3 వరకు, ఉరకలేస్తే ప్లస్ 3 వరకు. "కోపం", "పిచ్చిగా ఉన్నాడు" అని రాస్తే పనికిరాదు, ఏం చేశాడో రాయాలి. "నిద్ర 3 గంటలు, అయినా అలసట లేదు. జగదాంబ సెంటర్లో అప్పుచేసి నాలుగు జతల చెప్పులు కొన్నాడు. మూడ్ ప్లస్ 2. మాటలు లేవు." ఇలా.

మూడ్ సున్నా ఉన్న రోజు "బానే ఉన్నాడుగా" అని వరుస వదిలేస్తారు. డాక్టరు వెతికేది సరిగ్గా ఆ రోజునే! మూడ్ మామూలుగానే ఉండి మాటలు వినపడుతున్నా, అనుమానాలు వదలకపోయినా ఎర్ర పెన్నుతో చుట్టండి. మూడ్ ఎపిసోడ్ (రోజుల తరబడి సాగే దిగులో, ఉరకలో) ఏదీ లేకుండా భ్రమలో (వదలని అనుమానాల్లాంటివి) మాటలో కనీసం 2 వారాలు ఉండి, జబ్బు మొత్తం కాలంలో ఎక్కువ భాగం డిప్రెషనో (తీవ్రమైన దిగులు) మేనియానో (మితిమీరిన ఉరకలు) కూడా ఉంటే స్కిజోఎఫెక్టివ్ వైపు చూస్తారు. స్కిజోఫ్రీనియాలోనూ దిగులు వస్తుంది, కానీ మొత్తం జబ్బు కాలంతో పోలిస్తే అది కొద్దికాలమే. మూడ్ పాడైనప్పుడే మాటలు వచ్చి, దాంతోపాటే పోతుంటే అది బైపోలారో (ఒకప్పుడు ఉరకలు, ఒకప్పుడు దిగులు వచ్చే జబ్బు), తీవ్రమైన డిప్రెషనో కావచ్చు. మందులూ దాన్ని బట్టే మారతాయి.

ఇంకో చిక్కు, ఒకేలా కనిపించేవి. బీచ్‌కి వెళ్దామన్నా కదలడు. ఏడుపు, "తప్పంతా నాదే" అన్న మాట, ఆకలి చచ్చిపోవడం ఉంటే దిగులు. దిగులూ లేదు, సంతోషమూ లేదు, "ఏమీ అనిపించట్లేదు" అంటే స్కిజోఫ్రీనియా లక్షణమే కావచ్చు. ఒళ్లు బిగుసుకుని, నోట్లోంచి చొంగ కారుతుంటే మందు ప్రభావం కావచ్చు. అలాగే గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడని మేనియా అనుకోకండి. కూర్చోవాలని ఉన్నా కాళ్లు నిలవనివ్వట్లేదంటే అదీ మందువల్లే కావచ్చు. డోసు మారిన తేదీ మందుల గడిలో రాస్తేనే ఈ తేడా పట్టుబడుతుంది. మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియం మందు వాడుతుంటే విశాఖ ఉక్కపోత గురించి ఓ మాట. చెమటతో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. నీళ్లు తాగించండి, ఉప్పు హఠాత్తుగా మానిపించకండి, డాక్టరును అడగకుండా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఇవ్వకండి. రక్తపరీక్ష చివరి మాత్ర వేసిన 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేయకముందే చేయించాలి. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, మాట తడబడటం, నడక తూలడం కనిపిస్తే తర్వాతి మాత్రకు ముందే క్యాజువాలిటీకి.

చావు మాట ఎత్తినా, "ఫలానాది చెయ్యి" అని చెవిలో ఆజ్ఞలు వినపడుతున్నా నోట్‌బుక్ పక్కనపెట్టి ఒంటరిగా వదలకుండా 108కి గానీ, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి గానీ ఫోన్ చేయండి.

ఓపీకి వెళ్లే ముందు రాత్రి ఎర్ర చుట్లు ఎన్నో, నిద్ర 4 గంటల్లోపు పడిన రోజులెన్నో, తప్పిన మాత్రలెన్నో లెక్కపెట్టి మొదటి పేజీ మీద రాయండి. కుర్చీలో కూర్చోగానే ఆ పేజీ ముందు డాక్టరు చేతికివ్వండి, కబుర్లు తర్వాత.