చెట్ల నడుమ డిస్క్ గోల్ఫ్: పాత కోర్సులో ఎలా ఆడాలి?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లోని తెలుగు ఇళ్ళలో పిల్లలు అమెరికాలో ఉన్నవారు చాలామందే. వాళ్ళ దగ్గరికి వెళ్ళిన పెద్దవాళ్ళకు పగటిపూట ఏమీ తోచదు. ఇంటికి దగ్గర్లోని పార్కులో, చెట్ల మధ్య గొలుసులు వేలాడే ఇనుప బుట్టలు కనిపిస్తే అది డిస్క్ గోల్ఫ్ కోర్సు, అంటే ఆ ఆట ఆడే స్థలమని గుర్తించండి. చాలాచోట్ల రుసుము ఉండదు. నడవగలిగిన ఎవరైనా ఆడవచ్చు. టీ అనే గట్టు మీద నుంచి డిస్కు అనే గుండ్రటి ప్లాస్టిక్ పళ్ళేన్ని విసరాలి, పడినచోటి నుంచి మళ్ళీ విసరాలి, చివరికి బుట్టలో వేయాలి. ఎన్ని తక్కువ విసుర్లలో వేస్తే అంత మంచిది. ఒక టీ నుంచి దాని బుట్ట దాకా ఉన్నదాన్ని హోల్ అంటారు. సాధారణంగా 18 హోళ్ళు ఉంటాయి.

మీకు దొరికింది పాత కోర్సయితే సంతోషించండి. ఈ ఆటకు మొదటి శాశ్వత కోర్సును అమెరికా డిస్కుల రూపకర్త ఎడ్ హెడ్రిక్ 1975లో లాస్ ఏంజెలెస్ సమీపంలోని లా కన్యాడా ఫ్లింట్‌రిడ్జ్‌లో, ఓక్ చెట్ల తోపులో వేశారు. అక్కడ మొదట్లో గురి బుట్ట కాదు, నేలలో పాతిన స్తంభం. గొలుసుల బుట్టను ఆయనే తర్వాత రూపొందించారు. అంచు పలచగా ఉండి గాలిని కోసుకుపోయే డిస్కులు 1983లో గానీ రాలేదు. అందుకే ఆ తొలినాళ్ళ కోర్సుల్లో హోళ్ళు పొట్టిగా ఉంటాయి, దారి మాత్రం ఇరుకు. అక్కడ భుజబలంతో పనిలేదు. తిన్నగా వేయగలిగినవారిదే ఆట.

వెళ్ళేముందు మన తోటలో

బజారులో దొరికే తేలికపాటి ప్లాస్టిక్ పళ్ళేలు గాలికి కొట్టుకుపోతాయి, వాటితో నేర్చుకోవడం కష్టం. పిల్లలు వచ్చేటప్పుడు రెండు గోల్ఫ్ డిస్కులు తెమ్మనండి: దగ్గరి విసుర్లకు ఒక పటర్, మధ్య దూరాలకు ఒక మిడ్‌రేంజ్. దూరం విసరడానికి వాడే డ్రైవర్ వద్దు. వేగంగా విసరలేనివారి చేతిలో అది ఎడమకు తిరిగి చెట్లలో దూరుతుంది. రంగు గులాబీ గానీ ముదురు నారింజ గానీ ఎంచుకోండి. ఆకుపచ్చ గడ్డిలో కలిసిపోతుంది, ఎరుపు ఎండుటాకుల్లో కనబడదు.

బుట్ట లేదని ఆగనక్కరలేదు. మామిడి మానుకు ఛాతీ ఎత్తున పాత కండువా కట్టండి, అదే గురి. ఓక్ తోపులో తొలి ఆటగాళ్ళు స్తంభాలకు గురిపెట్టి ఆడినట్టే మీరూ ఆడతారు. తోట యజమానిని అడిగే వెళ్ళండి. పూత మొదలైంది మొదలు కాయ కోసేదాకా ఆ వైపు పోవద్దు. మామిడి కొమ్మల్లో ఆకులు కలిపి కుట్టిన ఎర్రచీమల గూళ్ళు ఎక్కడున్నాయో ముందే చూసుకోండి. డిస్కు ఒక్కటి తగిలితే చాలు, చీమలు జలజలా మీద రాలతాయి.

విసరడం

నాలుగు వేళ్ళు అంచు కింద, బొటనవేలు పైన. పక్కకు తిరిగి నిలబడి, డిస్కును ఒంటికి దగ్గరగా, ఛాతీ ఎత్తున తిన్నగా లాగి వదలండి. అంచు దాకా పులుసు పోసిన కంచాన్ని తొణకకుండా జరిపినట్టు డిస్కు సమంగా కదలాలి. పరుగెత్తి విసరడం చెట్ల మధ్య అనవసరం. పైగా పాత కోర్సుల్లో టీ చుట్టూ చెట్ల వేళ్ళు పైకి తేలి ఉంటాయి, కాలు తట్టుకుంటుంది.

కుడిచేతివాటం వారు ఇలా విసిరితే, డిస్కు వేగం తగ్గేకొద్దీ ఎడమకు మళ్ళుతుంది. బయటి అంచును కాస్త కిందికి వంచితే ఇంకా ఎక్కువగా ఎడమకు, పైకెత్తితే కుడివైపుకు పోతుంది. ఈ మూడూ చేతికి వచ్చేదాకా తోటలోనే సాధన చేయండి.

సందును చూడటం

మా అల్లుడు మొదట చెప్పిన మాట నాకు అన్నిటికంటే పనికొచ్చింది: “మావయ్యగారూ, బుట్టను చూడకండి, సందును చూడండి.” టీ మీద నిలబడగానే పది పదిహేను మీటర్ల దూరంలో రెండు మానుల మధ్య ఒక ఖాళీ కనిపిస్తుంది. చాలా హోళ్ళు అక్కడే గెలుస్తాం, లేదా ఓడిపోతాం. మానుల మీద చూపు పెడితే చెయ్యి అటే పోతుంది. ఖాళీకి అవతల దూరంగా ఉన్న ఒక ఆకుల గుబురునో, బెరడు మీది మచ్చనో ఎంచుకుని దాని మీదే దృష్టి ఉంచండి. బలంలో సగమే వాడండి. నిదానంగా వెళ్ళే డిస్కు కొమ్మకు తగిలినా దగ్గర్లోనే పడుతుంది.

పొదల్లో పడితే? కొమ్మల సందుల్లోంచి బుట్ట వైపు దారి వెతకాలని మనసు పీకుతుంది. వద్దు. పక్కకైనా సరే, దారిలోకి తెచ్చుకోండి. ఒక విసురు పోయినా తర్వాతి రెండూ మిగులుతాయి. కొమ్మలు మరీ కిందికి ఉంటే మోకాలి మీద కూర్చుని విసరవచ్చు. గజపతి, గంజాం జిల్లాల జీడితోటల్లో కొమ్మలు నేలను తాకేలా ఉంటాయి కాబట్టి ఇది సాధన చేయడానికి అంతకంటే మంచి చోటు లేదు.

కొమ్మ విరిచి దారి చేసుకోవడం మాత్రం తప్పు, నిబంధనలూ ఒప్పుకోవు. దశాబ్దాలుగా డిస్కుల దెబ్బలు తిని బెరడు ఊడిన చెట్లు పాత కోర్సుల్లో చాలా కనిపిస్తాయి. వాటికి మనం ఇంకో గాయం చేయకూడదు.

తెలిసి ఉండాల్సిన నియమాలు

డిస్కు పడినచోట గుర్తు పెట్టి, దాని వెనకే కాలు మోపి విసరాలి. బుట్టకు 10 మీటర్లలోపు ఉంటే, విసిరాక నిలదొక్కుకున్న తర్వాతే గుర్తు దాటి ముందుకు అడుగు వేయాలి. డిస్కు చెట్టు మీద ఇరుక్కుంటే దాని సరిగ్గా కింద నేల మీద నుంచి ఆడాలి. హద్దు దాటితే ఒక విసురు జరిమానా. చెట్టుకు బాణం గుర్తు కొట్టి ఉంటే డిస్కు ఆ వైపు నుంచే వెళ్ళాలి. బుట్ట పైకప్పు మీద ఆగినది లెక్కకు రాదు. గొలుసుల్లో గానీ కింది తట్టలో గానీ నిలవాలి.

డిస్కు నేల మీద ఆగేదాకా కన్ను తిప్పకండి, దగ్గరి చెట్టును గుర్తుపెట్టుకోండి. ఎండుటాకుల పొర కిందికి జారితే కనిపెట్టడం కష్టం. వెతకడానికి 3 నిమిషాలే గడువు. నలుగురు ఆడుతుంటే ఒకరు ముందుకెళ్ళి పక్కగా, చెట్టు చాటున నిలబడి చూడటం మేలు. అమెరికా అడవుల్లో ఒక కాడకు మూడు ఆకులుండే పాయిజన్ ఐవీ అనే మొక్క తగిలితే ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. పొడుగు ప్యాంటు వేసుకోండి, ఇంటికొచ్చాక పిడుదులు అంటుకున్నాయేమో చూసుకోండి.

పార్కు అందరిదీ. నడిచేవాళ్ళు, బండిలో పసివాళ్ళను తోసుకెళ్ళే తల్లులు దాటేదాకా డిస్కు చేతిలోనే ఉండాలి. పొరపాటున ఎవరి వైపైనా వెళ్తే “ఫోర్” అని గట్టిగా అరవండి, తప్పుకోమనే హెచ్చరిక అది. వెనక వచ్చేవాళ్ళు వేగంగా ఆడుతుంటే వాళ్ళను ముందుకు పోనివ్వండి.

మీ డిస్కు వెనక పేరు, ఫోను నంబరు రాసుకోండి. వేరొకరి డిస్కు దొరికితే దాని మీది నంబరుకు సందేశం పంపండి. నంబరు లేకపోతే మొదటి టీ దగ్గరుండే బోర్డు కింద పెట్టి వెళ్ళండి.