తుపాకులు తిరిగే చోటికి ఫీల్డ్ వర్క్‌కు వెళ్తున్నారా? ముందు మీ నోట్‌బుక్ సంగతి చూసుకోండి

ఆంత్రోపాలజీ, అంటే మనుషుల జీవన విధానాన్ని వాళ్ళ మధ్యే ఉండి తెలుసుకునే మానవశాస్త్రం, చదివి మొదటిసారి ఫీల్డ్ వర్క్‌కు బయల్దేరే పిల్లలకు దోమతెర, మలేరియా మాత్రలు, టార్చిలైటు అంటూ అందరూ ఒక లిస్టు ఇస్తారు. ఘర్షణ జరుగుతున్న ప్రాంతానికి వెళ్ళేవాళ్ళకు ఆ లిస్టు చాలదు. అక్కడ మీకంటే ఎక్కువ ప్రమాదం మీతో మాట్లాడినవాళ్ళకు. ఆ ప్రమాదాన్ని సంచిలో పెట్టుకుని తిరిగేది మీరే.

ఆదిలాబాద్ వైపు ఒక గూడెంలో నా మొదటి నోట్‌బుక్‌లో గూడెం పటం గీసుకున్నాను. బోరింగు ఎక్కడ, పటేల్ ఇల్లు ఎక్కడ, ఏ రెండిళ్ళకు మాటల్లేవు, ఎవరి అల్లుడు ఏ ఊరివాడు, అన్నీ అందులో ఉన్నాయి. బాగా కుదిరిందని మురిసిపోతుంటే, నాకు అన్నం పెట్టిన పెద్దాయన ఆ పేజీ మీద వేలు పెట్టి, "ఇది పోలీసోళ్ళ చేతుల పడితే ఏమైతది బిడ్డా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఆ పేజీ చింపి ఆయన పొయ్యిలోనే వేశాను.

అందుకే మొదటి జాగ్రత్త పేర్ల గురించి. అసలు పేరు నోట్‌బుక్‌లో రాయకండి. మారుపేరో, ఒక అంకెనో పెట్టుకోండి. ఏ అంకె ఎవరిదో చెప్పే కాగితం ఆ ఊళ్ళోనే కాదు, మీ సంచిలో కూడా ఉండకూడదు. ఫోన్‌లో లొకేషన్ ఆపెయ్యకుండా ఫొటో తీస్తే, ఆ ఇల్లు ఎక్కడుందో ఫొటోయే చెప్పేస్తుంది. లాయరుకు చెప్పుకున్న మాటకు మన చట్టంలో ఉన్న రక్షణ పరిశోధకుడి నోట్సుకు లేదు. అడిగితే ఇవ్వనని ధైర్యంగా అనుకోవడం వేరు, ఇవ్వడానికి అందులో ఏమీ లేకుండా చూసుకోవడం వేరు. రెండోదాన్నే నమ్ముకోండి.

మాట విషయంలోనూ జాగ్రత్త. మన పాఠ్యపుస్తకాల్లో వివరాలు చెప్పే మనిషిని ఇన్ఫార్మెంట్ అంటారు. ఏజెన్సీ ఊళ్ళలో అది ఇన్ఫార్మర్, అంటే పోలీసులకు కబురు మోసేవాడు, అనే వినిపిస్తుంది. ఆ ముద్ర వేసి మావోయిస్టులు ఎంతమందిని చంపారో అక్కడివాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. నోటితోనే కాదు, కాగితం మీద కూడా ఆ మాట వాడకండి.

ఇక అసలు విషయం, మీరు ఎవరి బండి దిగుతున్నారు? 2007లో అమెరికా సైన్యం ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో హ్యూమన్ టెరైన్ సిస్టమ్ పేరుతో ఆంత్రోపాలజిస్టులను, ఇతర సామాజిక శాస్త్రాలు చదివినవాళ్ళను బ్రిగేడ్ల వెంట ఊళ్ళలోకి పంపింది. తెగ పెద్దలెవరో, భూమి తగాదాలేమిటో కమాండర్లకు తెలిస్తే రక్తపాతం తగ్గుతుందన్నది ఆ కార్యక్రమం నడిపినవాళ్ళ వాదన. నిజంగా ప్రాణాలు కాపాడాలనే వెళ్ళినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారని నమ్ముతాను. కానీ సైనికుల మధ్య నిలబడి అడిగే ప్రశ్నకు, కాదు పొమ్మనే స్వేచ్ఛ ఎవరికి ఉంటుంది? అదే ఏడాది అక్టోబర్‌లో అమెరికన్ ఆంత్రోపలాజికల్ అసోసియేషన్ ఈ మాటే అంది. అడిగేది సైన్యమో పరిశోధకుడో ఊరివాళ్ళకు తెలియదని, చెప్పిన వివరాలు ఎవరి మీద దాడి చేయాలో నిర్ణయించడానికి పనికిరావచ్చని, మిగతా దేశాల్లో పనిచేసే ఆంత్రోపాలజిస్టులనూ జనం అనుమానిస్తారని అభ్యంతరం చెప్పింది.

2008 నవంబర్ 4న కాందహార్ రాష్ట్రం మైవాంద్ ప్రాంతంలోని చెహెల్ గాజీ గ్రామంలో, ఆ కార్యక్రమంలోనే పనిచేస్తున్న పౌలా లాయిడ్ అనే పరిశోధకురాలు ఒక మనిషితో మాట కలిపింది. అతని చేతిలో పెట్రోలు ఉంది. ధర ఎంతని అడిగింది. కాసేపు మామూలుగానే మాట్లాడి, ఆ పెట్రోలే ఆమె మీద పోసి నిప్పంటించాడు. రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి 2009 జనవరిలో ఆమె చనిపోయింది. దాడి చేసినవాణ్ణి పట్టుకుని బంధించాక, ఆమె టీములోని మనిషే కాల్చి చంపాడు. అదే 2008లో ఆ కార్యక్రమానికే పనిచేసిన మైకేల్ భాటియా అఫ్ఘానిస్తాన్‌లోని ఖోస్త్‌లో, నికోల్ సువేజెస్ బాగ్దాద్‌లోని సదర్ సిటీలో బాంబు పేలుళ్ళకు బలయ్యారు. 2014లో ఆ కార్యక్రమం మూతపడింది. పెట్రోలు ధర అడగడం కంటే అమాయకమైన ప్రశ్న ఏముంటుంది? ప్రశ్న మంచిదైనంత మాత్రాన సరిపోదు. మీ వెనక తుపాకీ ఉంటే ఏ ప్రశ్నయినా తుపాకీ ప్రశ్నే అవుతుంది.

కాబట్టి భద్రతా బలగాల వాహనం ఎక్కకండి, వాళ్ళ క్యాంపులో పడుకోకండి. అవతలి పక్షం ఇచ్చే కాపలా కూడా వద్దు. ఎవరో ఒకరి కాపలా లేకుండా వెళ్ళలేని పరిస్థితి ఉంటే ఆ సీజన్‌కు ప్రయాణం మానుకోండి. థీసిస్ ఒక ఏడాది ఆలస్యమైతే కొంప మునగదు.

డిఫెన్స్ కాంట్రాక్టర్లు, సర్వే కంపెనీలు ఇచ్చే ఉద్యోగాలు కూడా వస్తుంటాయి, ముఖ్యంగా విదేశాల్లో చదివే మన పిల్లలకు. సంతకం పెట్టే ముందు నోట్సు ఎవరి సొంతం, ఎవరెవరు చదువుతారు, మధ్యలో మానేస్తే అవి ఎక్కడికి పోతాయి అని రాతపూర్వకంగా అడగండి. సరైన జవాబు రాకపోతే జీతం ఎంతైనా వదిలెయ్యండి.

ఏం అడగాలన్న దానికి హైమండార్ఫ్ పని చూడండి. ఆస్ట్రియాకు చెందిన ఆంత్రోపాలజిస్టు ఆయన, రెండో ప్రపంచ యుద్ధం వల్ల హైదరాబాద్ రాజ్యంలోనే ఉండిపోవాల్సి వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను కాల్చి చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. భూములు ఎలా చేజారుతున్నాయో ఆయన రాశాడు. దాని వెనకే గోండులకు పట్టాలు, మార్లవాయిలో చదువు కేంద్రం వచ్చాయి. ఆయనా ప్రభుత్వం మనిషే, నిజమే. కానీ తిరుగుబాటుకు కారణాలు వెతకడం వేరు, తిరగబడ్డవాళ్ళ జాడ తీయడం వేరు. రాత్రి ఎవరొచ్చారు, ఎవరు అన్నం పెట్టారు, ఎటు వెళ్ళారు అనే ప్రశ్నలు మీరు అడగకండి. వాళ్ళంతట వాళ్ళే చెప్పబోతే మాట మార్చండి, పెన్ను మూత పెట్టెయ్యండి.

దుబాసీ గురించి చాలామంది ఆలోచించరు. మీరు బస్సెక్కి వచ్చేస్తారు, అతను అక్కడే ఉంటాడు. అతని పేరు థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో కూడా వేయొద్దు, అడిగినా సరే. డబ్బు నలుగురి ముందు ఇవ్వకండి. ఏ ఇంటికి తీసుకెళ్ళాలో, ఏ ఇంటికి వద్దో అతన్నే చెప్పనివ్వండి, కారణం అడగకండి. వెనక్కి వచ్చాక నెలకోసారి, ఊరి పేరు ఎత్తకుండా, బాగున్నావా అని ఒక ఫోన్ చెయ్యండి. ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ చెయ్యకుండా, పరిశోధనతో సంబంధం లేని మనిషి ద్వారా కబురు తెలుసుకోండి.