డైవ్ కంప్యూటర్ కొనేముందు బ్యాటరీ మూత చూడండి

నెల్లూరు నుంచి పుదుచ్చేరికో అండమాన్‌కో స్కూబా డైవింగ్‌కు వెళ్లేవారికి, డైవ్ కంప్యూటర్‌లో (లోతు చూపుతూ, నీటి అడుగున ఇంకా ఎంతసేపు ఉండవచ్చో లెక్కగట్టే పరికరం) బ్యాటరీ అయిపోయిన ప్రతిసారీ దాన్ని దూరపు సర్వీస్ సెంటరుకు కొరియర్ చేయవలసి రావడం తలనొప్పి. అందువల్ల తక్కువ ధరలో కొనేవారు, మనమే మూత తీసి బ్యాటరీ మార్చుకోగల మోడల్‌నే ఎంచుకోవడం మంచిది. మేర్స్ పక్ ప్రో అనే మోడల్‌లో వాడే సీఆర్ 2450 బిళ్ల బ్యాటరీని నెల్లూరు ట్రంకు రోడ్డులోని వాచీ దుకాణాల్లోనూ అడగవచ్చు. నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు ఎక్కువున్న గాలి) సెట్టింగు, పెద్ద అంకెలు ఉంటే చాలు. రంగుల తెర, సిలిండర్ పీడనం చూపే ట్రాన్స్‌మిటరు సరదా డైవింగ్‌కు దండగ ఖర్చేనని నా అభిప్రాయం. బ్యాటరీ మార్చేటప్పుడు ఓ-రింగుపై (నీరు చొరబడకుండా మూతకు ఉండే రబ్బరు వలయం) వెంట్రుక గానీ ఇసుక రేణువు గానీ లేకుండా తుడిచి, సిలికాన్ గ్రీజు పలుచగా రాయాలి. అయితే రెండు డైవ్‌ల మధ్య మాత్రం మార్చకూడదు. కొన్ని మోడళ్లలో డైవ్‌లో పీల్చిన గాలి నుంచి ఒంట్లో మిగిలిన నైట్రోజన్ లెక్క చెరిగిపోయి, తరువాతి డైవ్‌లో ఉండదగినదానికంటే ఎక్కువ సమయం చూపుతుంది.