వార్డు సారథ్యం – నాలుగవ పాఠం: ముందుగా మీ చేతులు

డ్యూటీ అప్పగింతలో సిబ్బందితో ఎలా మాట్లాడాలో గత పాఠంలో తెలుసుకున్నాము. ఈ పాఠంలో మాటల పాత్ర తక్కువ. కొత్తగా వార్డు ఇన్‌ఛార్జి బాధ్యత తీసుకున్న సిస్టర్లు తమ నడవడితోనే జట్టును ఎలా నడిపించవచ్చో, చేతుల శుభ్రత అనే ఒక్క అలవాటును తీసుకొని అభ్యాసం చేద్దాము. ఈ పని రోజంతా అందరి కళ్లెదుటే జరుగుతుంది. మానేసినా అప్పటికప్పుడు నష్టమేమీ కనిపించదు కాబట్టి, పని ఒత్తిడి పెరిగినప్పుడు మొదట జారిపోయేదీ ఇదే.

కేవలం ఆదేశంతో ఎంత సాధించవచ్చో 1847 నాటి వియన్నా జనరల్ ఆసుపత్రి చెబుతుంది. శవపరీక్షల గది నుంచి ప్రసూతి వార్డుకు వచ్చే వైద్యులు, విద్యార్థులు క్లోరిన్ కలిసిన సున్నపు ద్రావణంతో చేతులు కడుక్కోవాలని అక్కడి వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ నిబంధన పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాకా ఉన్న బాలింతల మరణాలు జూన్ నాటికి నూటికి రెండు దరిదాపులకు తగ్గాయి. ఇంతటి ఫలితం కళ్లెదుట ఉన్నా పైవారిలో చాలామంది ఆయన వాదాన్ని అంగీకరించలేదు. 1849లో గడువు ముగిసిన ఆయన ఉద్యోగాన్ని పొడిగించలేదు. పైవారి నడవడి ఎంత బలమైనదో 2003లో ప్రచురితమైన ఒక అమెరికన్ ఆసుపత్రి పరిశీలన కూడా చూపింది: గదిలో ఉన్న పైస్థాయి వ్యక్తి చేతులు శుభ్రం చేసుకోనప్పుడు, మిగిలినవారు చేసుకోవడం గణనీయంగా తగ్గింది.

అందువల్ల అభ్యాసం మీతోనే మొదలుకావాలి. రోగిని తాకే ముందు, సూది, కాథెటర్ వంటి శుభ్రమైన ప్రక్రియకు ముందు, శరీర ద్రవాలు అంటుకునే అవకాశం ఉన్న పని తరువాత, రోగిని తాకిన తరువాత, మంచం, బల్ల వంటి పరిసరాలను తాకిన తరువాత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు సందర్భాలు చెప్పింది. వీటిలో చివరిదాన్నే ఎక్కువమంది మరచిపోతారు; రోగిని తాకలేదు కదా అనుకొని, సెలైన్ స్టాండు సరిచేసి నేరుగా పక్క మంచానికి వెళ్తారు. హ్యాండ్‌రబ్ (నీళ్లు లేకుండా చేతులకు రుద్దుకునే ఆల్కహాల్ ద్రావణం) అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లయితే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. చేతులకు మురికి కనిపిస్తుంటే సబ్బు నీళ్లే వాడాలి. గ్లవ్స్ వేసుకున్నంత మాత్రాన ఈ పని తప్పదు. ఉంగరాలు, గడియారం, గాజులు డ్యూటీ మొదట్లోనే తీసి పెట్టండి. ఇన్‌ఛార్జి చేతికి గాజులు ఉంటే విద్యార్థినులకు తీయమని చెప్పడం కష్టం.

అసలు పరీక్ష రద్దీలో వస్తుంది. సాయంత్రం ఒకేసారి ముగ్గురు రోగులు చేరారు, డ్యూటీ డాక్టర్ ఒకవైపు పిలుస్తున్నారు, ఒక సెలైన్ అయిపోతోంది. ఆ క్షణంలో మీరు ఆగి, మంచం పక్కన అందరికీ కనబడే చోట చేతులు రుద్దుకుంటే, ఈ వార్డులో ఆ పనికి సమయం ఉందని స్టాఫ్ నర్సుకూ, హౌస్ సర్జన్‌కూ, ఆయాకూ తెలుస్తుంది. ఆ సమయంలో ఉపదేశం అనవసరం. తీరిక వేళ ఎంత నిష్ఠగా కడుక్కున్నా అంత ప్రభావం ఉండదని నా దృఢమైన అభిప్రాయం.

ఎప్పుడైనా మీరే మరచిపోవచ్చు. అప్పుడు విద్యార్థిని ఎవరైనా "మేడమ్, హ్యాండ్‌రబ్" అని గుర్తుచేస్తే, "మంచిదమ్మా, చెప్పావు" అని వెంటనే సరిచేసుకోండి. కారణాలు చెప్పవద్దు, ముఖం చిన్నబుచ్చుకోవద్దు. ఆ అమ్మాయికి ఎదురైన స్పందనను బట్టే మిగిలినవారు రేపు నోరు విప్పాలో వద్దో నిర్ణయించుకుంటారు. అలాగే ఖాళీ సీసాల పక్కన నిలబడి ఆదర్శం చూపలేము కనుక, హ్యాండ్‌రబ్, సబ్బు, చేతులు తుడుచుకునే కాగితాలు కావాలని కోరే పత్రాన్ని (ఇండెంటు) నిల్వ అయిపోకముందే స్టోర్స్‌కు పంపడం కూడా ఈ పాఠంలో భాగమే.

ఈ వారం అభ్యాసానికి ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ప్రతి డ్యూటీ చివర అయిదు సందర్భాలలో మీరు దేన్ని, ఏ మంచం దగ్గర, ఏ కారణంగా వదిలేశారో రాయండి. ఇతరుల తప్పులు అందులో రాయవద్దు. వారం తరువాత ఎక్కువసార్లు కనిపించిన కారణం ఏదో చూడండి: సీసా దూరంగా ఉండటమా, పిలుపుల తొందరా, అలవాటు లేకపోవడమా? దానికి తగిన మార్పు ఒక్కటి చేసి, మరో వారం రాయండి. నియమం పదేపదే తప్పే సహచరిణితో ఏకాంతంగా ఎలా మాట్లాడాలో అయిదవ పాఠంలో చూద్దాము. అప్పుడు ఈ పుస్తకం దగ్గర ఉంచుకోండి.