థాయ్‌లాండ్‌లో రిటైర్మెంట్: వీసా కన్నా ముందు ఇన్సూరెన్స్ చూడండి

నేను వీసాతో మొదలుపెట్టి పొరపాటు చేశాను. మీరు ఇన్సూరెన్స్‌తో మొదలుపెట్టండి. మా ఆవిడకు షుగర్ ఉంది. పాలసీ కొన్నాక చివరి పేజీ చూస్తే, పాత జబ్బులకు కవరేజీ లేదు! ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అందుకే మినహాయింపుల పేజీనే ముందు చదవండి. ఉన్న జబ్బు దాచకండి, క్లెయిమ్ వేళ అదే అడ్డొస్తుంది. వయసు పెరిగాక రెన్యువల్ ఎన్నేళ్ల దాకా చేస్తారో రాతపూర్వకంగా అడగండి.

ఇక వీసా. 50 ఏళ్లు నిండాలి. ఓ-ఏ అనే రిటైర్మెంట్ వీసాను బయలుదేరే ముందే తీసుకోవచ్చు, కానీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. నాన్-ఓ అనే మరో వీసాతో వెళ్లి అక్కడే ఏడాదికి పొడిగించుకుంటే ఇన్సూరెన్స్ అడగరు. అడగరు కదా అని మానేయకండి, ఆసుపత్రి బిల్లు మన జేబుకే వస్తుంది. ఆ పొడిగింపుకు 8 లక్షల బాత్‌లు (థాయ్ కరెన్సీ) అక్కడి బ్యాంకులో రెండు నెలల ముందే ఉండాలి, లేదా నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం చూపాలి.

ప్రతి 90 రోజులకూ అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసుకు చిరునామా తెలపాలి. మధ్యలో మనవల్ని చూడ్డానికి దేశం దాటితే, ముందే రీ-ఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి అనుమతి) తీసుకోండి. లేకపోతే పొడిగింపు రద్దవుతుంది.