శనగల టవర్ – 3వ పాఠం: పక్కకు ఒరిగిందా?

పోయిన పాఠంలో నానబెట్టిన శనగలకు ఈనెపుల్లలు గుచ్చి పిల్లలతో మూడు అంతస్తుల టవర్ కట్టించి, పైన నిమ్మకాయ పెట్టి చూడమన్నాను. ఆ తర్వాత నాకు చేరిన కబుర్లన్నీ దాదాపు ఒకటే. "టవర్ మూడు అంతస్తులూ లేచిందండీ. నిమ్మకాయ పెట్టగానే తాపీగా పక్కకు ఒరిగి నేలకు అంటుకుపోయింది." పుల్ల విరిగిందా అంటే లేదు. శనగ ఊడిందా అంటే అదీ లేదు. మరి తప్పెక్కడ?

సగం తప్పు నాది. "పుల్లలన్నీ 10 సెంటీమీటర్లకే కోయండి" అన్నాను గానీ ఏటవాలు పుల్ల ఊసే ఎత్తలేదు. కొందరు పిల్లలు తమంతట తామే మూల నుంచి మూలకు పుల్ల కట్టబోయారట. అదీ 10కే కోశారు కాబట్టి అందలేదు. లాగితే శనగ చీలింది. పిల్లలకు తోచింది సరైనదే, కొలతే నేను చెప్పలేదు.

నాకు చిరాకు తెప్పించేది పెద్దవాళ్ళ వైద్యం. టవర్ ఒరగ్గానే కీళ్ళకు ఫెవికాల్ పూస్తారు, టేపు చుడతారు. దయచేసి వద్దు. నాలుగు పుల్లలతో ఒక చతురస్రం కట్టి, పై మూలను వేలితో పక్కకు నెట్టండి. డైమండ్ ఆకారంలోకి జారిపోతుంది. పుల్లల పొడవు మారలేదు, ఆకారం మారింది. ఇప్పుడు మూడు పుల్లలతో త్రికోణం కట్టి నెట్టండి. కదలదు. అవే మూడు పొడవులతో ఇంకో త్రికోణం కుదరదు మరి. చతురస్రాన్ని జిగురుతో నిలబెట్టాలంటే, 10 సెంటీమీటర్ల పుల్ల మెలిపెడుతుంటే ఆ చిటికెడు జిగురే అంతా కాయాలి. అదే ఏటవాలుగా ఒక పుల్ల వేస్తే, నెట్టిన బలం ఆ పుల్లను పొడవునా లాగుతుంది, లేదా నొక్కుతుంది. ఈనెపుల్ల వంగితే వంగుతుంది గానీ లాగితే అంత తేలిగ్గా తెగదు.

కిరాణా కొట్లో ఇనుప ర్యాక్ చూడండి, మూలల్లో చిన్న త్రికోణపు రేకులు, వెనక ఏటవాలు పట్టీలు ఉంటాయి. చెక్క గేటు వెనక అడ్డంగా వేసిన ఏటవాలు చెక్క కూడా అందుకే. పొలాల్లో హై టెన్షన్ కరెంటు టవర్ అయితే అడుగు నుంచి కొస దాకా త్రికోణాలే. తర్వాత త్రికోణాలతో కట్టే గోపురాలకు పేరుపొందిన డిజైనర్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ ఉన్నాడు కదా, అమెరికాలో 1899లో చూపు సరిగా ఆనని నాలుగేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పుడు అతనికి కిండర్‌గార్టెన్‌లో బఠానీలు, టూత్‌పిక్‌లు ఇచ్చారు. మిగతా పిల్లలు చూసిన ఇళ్ళలాగా చతురస్రాలు కట్టారు. అతను చేత్తో తడిమి, ఏది గట్టిగా నిలిస్తే అది కట్టాడు. అవి త్రికోణాలు.

కొలత సంగతి. 10 సెంటీమీటర్ల చతురస్రానికి ఏటవాలు పుల్ల సుమారు 14 ఉండాలి. మూడో తరగతి పిల్లలకు ఆ లెక్కలొద్దు. చతురస్రం మూలను నోటు పుస్తకం మూలకు ఆనించి నిటారు చేసి, పైన పుల్లను మూల నుంచి మూలకు పెట్టి తుంచితే సరి. నేనూ అంతే చేస్తాను, స్కేలు తీయను.

శనగలు రాత్రి నానబెట్టినవే వాడండి, ఉడికించినవి పనికిరావు. కాబూలీవి నాకు నచ్చవు, నాటువే. శనగ రెండు బద్దలు కలిసే గీత మీద గుచ్చితే పప్పులా విడిపోతుంది. ఒక్కో శనగకు ఆరేడు పుల్లలు పడతాయి కాబట్టి ఈనె మొదలు వద్దు, సన్నటి కొస వద్దు, నడిమి భాగం తీసుకోండి. ఏటవాలు పుల్లలన్నీ ఒకే వైపు తిరిగేలా కడితే ఏ ఒక్క శనగ మీదా రద్దీ ఉండదు. కట్టాక రెండు రోజులు నీడన ఆరనివ్వండి. శనగ ఎండి ముడుచుకుని పుల్లను పట్టేస్తుంది.

అభ్యాసం: మూడు అంతస్తుల టవర్. 16 శనగలు, 10 సెంటీమీటర్ల పుల్లలు 28, ఏటవాలువి 16. ప్రతి గోడకూ ఒకటి చొప్పున 12, అడుగు, పైకప్పు, అంతస్తుల మధ్య వచ్చే రెండు చతురస్రాలకు ఒక్కోటి చొప్పున 4. పైన అట్టముక్క, దాని మీద నిమ్మకాయ. నిలబడ్డాక ఏటవాలు పుల్లల్లోంచి రెండు తీసేయమనండి, టవర్ బిగువు మాత్రం తగ్గకూడదు. అలాంటి రెండు ఉన్నాయి. ఏవో నేను చెప్పను. ఒక పుల్ల తీయడం, వేలితో నెట్టి చూడడం, మళ్ళీ పెట్టడం. ఒక ఆదివారం పట్టవచ్చు.