పాత కేసు ఉన్నవాళ్లు భార్యను లేదా భర్తను అమెరికాకు స్పాన్సర్ చేయాలంటే: దరఖాస్తు విధానం

టెక్సస్‌లో తెలుగువాళ్ల ఇమిగ్రేషన్ కాగితాలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. "అన్నా, ఎనిమిదేళ్ల కిందట డీయూఐ కేసైంది. ఇప్పుడు సిటిజన్‌ని. గుంటూరు సంబంధం కుదిరింది. అమ్మాయిని తెచ్చుకోనిస్తారా?"

తెచ్చుకోనిస్తారు. తాగి బండి నడిపిన కేసు (డీయూఐ అంటే అదే) ఉందని, భార్యను తెచ్చుకోవడానికి వేసే దరఖాస్తును, అంటే పిటిషన్‌ను, ఆపే రూలు ఇమిగ్రేషన్ చట్టంలో లేదు. కానీ ఈ మాట నమ్మించడానికే నాకు అరగంట పడుతుంది. డీయూఐలో అరెస్టయితే హెచ్1బీ వాళ్లకు, స్టూడెంట్లకు వీసా రద్దవుతుందని అందరూ విని ఉంటారు. అది నిజమే, కానీ అది వీసా మీద ఉన్న మనిషి సంగతి. ఇక్కడ వీసా తీసుకునేది భార్య, కేసు భర్తది. అమెరికా వచ్చే మనిషికి నేరచరిత్ర ఉంటే ఎలా చూస్తారు, పిలిపించుకునే మనిషికి ఉంటే ఎలా చూస్తారు అన్నవి పూర్తిగా వేరు లెక్కలు. ఇక్కడ రాస్తున్నది రెండోదాని గురించి.

రికార్డు ముందు మీ చేతికి రావాలి

ఫారం ముట్టుకునే ముందు చేయాల్సిన పని ఇది. "ఆ కేసు కొట్టేశారు" అని మీ జ్ఞాపకం చెబుతుంది, కోర్టు కాగితం ఇంకోటి చెబుతుంది. వేలిముద్రలు ఇచ్చి 18 డాలర్లు కడితే ఎఫ్‌బీఐ మీ పేరు మీదున్న అరెస్టుల చరిత్ర పంపుతుంది. అందులో కనిపించిన ప్రతి అరెస్టుకూ ఆ కౌంటీ క్లర్కు ఆఫీసు నుంచి సర్టిఫైడ్ డిస్పొజిషన్ తెచ్చుకోవాలి. అంటే కేసు చివరికి ఏమైందో చెప్పే కాగితం, కోర్టు సీలుతో. ఆన్‌లైన్‌లో కనబడిన పేజీ ప్రింట్ తీసి దాచుకుంటే అది సర్టిఫైడ్ కాపీ అవదు.

ఒకతను తన కేసు "డిస్మిస్ అయిపోయింది" అని నాతో పందెం కాసినంత గట్టిగా చెప్పాడు. సూపర్‌మార్కెట్ సెల్ఫ్ చెకౌట్‌లో రెండు వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకున్న కేసు. కాగితం వచ్చాక చూస్తే మూడో పేరాలో ఉంది: నేరం ఒప్పుకున్నాడు, జడ్జి తీర్పు వాయిదా వేసి కొన్నాళ్లు ప్రొబేషన్ పెట్టాడు, అది పూర్తయ్యాక కేసు మూసేశారు. టెక్సస్‌లో దీన్ని డిఫర్డ్ ఆడ్జుడికేషన్ అంటారు. రాష్ట్రం దృష్టిలో అది శిక్ష కాదు. ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో శిక్షే. నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక ఆంక్ష పెడితే చాలు, ఆ చట్టానికి అది కన్విక్షన్. తర్వాత రికార్డు నుంచి తీసేయించుకున్నా (ఎక్స్‌పంజ్) ఇమిగ్రేషన్ ఆ రికార్డును సాధారణంగా లెక్కలోకి తీసుకుంటుంది. అసలు నేరం ఒప్పుకోకుండా, విచారణకు బదులు పెట్టే డైవర్షన్ ప్రోగ్రామ్ పూర్తిచేస్తే మాత్రం లెక్క వేరు. అందుకే ఆ కాగితంలో వాక్యం వాక్యం చదవాలి.

సిటిజనా, గ్రీన్‌కార్డా?

అతను సిటిజన్ అయ్యుంటే ఆ రెండు వస్తువుల కేసు పిటిషన్‌కు అడ్డం కాదు. కానీ అతను గ్రీన్‌కార్డు మీద ఉన్నాడు. అక్కడ ప్రశ్నే మారిపోతుంది. భార్యకు వీసా వస్తుందా అన్నది తర్వాత, ముందు అతని కార్డు నిలుస్తుందా అన్నది చూడాలి.

దొంగతనం, మోసం లాంటివాటిని ఇమిగ్రేషన్ చట్టం నైతిక పతనాన్ని చూపే నేరాల కింద పెడుతుంది. కార్డు వచ్చిన కొత్తలో ఒకటి జరిగినా, ఎప్పుడైనా వేర్వేరుగా రెండు జరిగినా డిపోర్టేషన్ దాకా వెళ్లే అవకాశం ఉంది. గృహహింస కేసులో శిక్ష, ప్రొటెక్షన్ ఆర్డర్ ఉల్లంఘన, డ్రగ్స్, తుపాకీ కేసులు కూడా కార్డుకు ప్రమాదమే. కోపంలో ఎవరో 911కి ఫోన్ చేస్తే మొదలైన కేసును "భార్యాభర్తల గొడవే కదా" అని నేరం ఒప్పేసుకుని బయటపడ్డవాళ్లు మనలో ఉన్నారు. ఆ ఒప్పుకోలు ఏళ్ల తర్వాత ఇలాంటి చోట ఎదురొస్తుంది.

ఇందులో అందరూ మరిచిపోయేది పెళ్లి ప్రయాణం. కార్డు మీద ఉన్నవాడు మూడు వారాలు సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్లి, పెళ్లి చేసుకుని తిరిగొస్తాడు. ఎయిర్‌పోర్టులో వేలిముద్ర పెట్టగానే పాత కేసు తెర మీదికొస్తుంది, పక్క గదిలో కూర్చోమంటారు. కొన్ని నేరాలున్న గ్రీన్‌కార్డుదారు దేశం దాటి తిరిగొస్తే, చట్టం అతన్ని కొత్తగా ప్రవేశం కోరుతున్న మనిషిలా చూడొచ్చు. కాబట్టి కార్డు మీద ఉండి ఏ కేసైనా ఉంటే ముహూర్తం పెట్టుకోకముందే క్రిమినల్ ఇమిగ్రేషన్ తెలిసిన లాయర్‌కి డిస్పొజిషన్ చూపించండి. ఈ ఒక్క చోట డబ్బు ఆదా చేయకండి. "ముందు సిటిజన్‌షిప్ తీసేసుకుంటే పోలా" అనేవాళ్లూ ఉంటారు. ఆ దరఖాస్తులో ప్రతి అరెస్టూ అడుగుతారు, కార్డుకే ఎసరు పెట్టే కేసైతే దాన్ని మనమే తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టినట్టు.

పిటిషన్‌నే ఆపే నేరాలు

సిటిజన్ అయినా సరే, పిటిషన్ వేసే హక్కునే తీసేసే చట్టం ఒకటుంది. 2006 జులై 27న వచ్చిన ఆడమ్ వాల్ష్ చట్టం. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద చేసిన కొన్ని నేరాల్లో శిక్షపడ్డవాళ్లు కుటుంబసభ్యులెవరికీ పిటిషన్ వేయకూడదని అది అంటుంది. లైంగిక నేరాలు, పిల్లల అశ్లీల చిత్రాలు దగ్గరుంచుకోవడం లేదా పంచడం, రహస్యంగా వీడియో తీయడం, ఇంటర్నెట్లో మైనర్‌ను లైంగికంగా ప్రలోభపెట్టడం ఇందులోకి వస్తాయి. కిడ్నాప్, అక్రమ నిర్బంధం కూడా జాబితాలో ఉన్నాయి, తల్లిదండ్రులో గార్డియనో చేసినవి తప్ప.

మినహాయింపు ఒక్కటే. భార్యకు తన వల్ల ఎలాంటి ప్రమాదమూ లేదని పిటిషనర్ నిరూపించుకోవాలి. ఎంత గట్టిగా అంటే, క్రిమినల్ కోర్టులో ప్రాసిక్యూషన్ నేరాన్ని నిరూపించినంత గట్టిగా, సందేహానికి తావు లేకుండా. కోర్టు, పోలీసు రికార్డులు, సైకాలజిస్ట్ నివేదికలు, చికిత్స పూర్తిచేసిన సర్టిఫికెట్లు, ఆ తర్వాత బతికిన తీరుకు సాక్ష్యాలు, అన్నీ పెట్టాలి. నిర్ణయం పూర్తిగా పిటిషన్లు చూసే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ చేతిలో ఉంటుంది. ప్రమాదం లేదన్న నిర్ణయం మీద తాము అప్పీలు వినలేమని ఇమిగ్రేషన్ అప్పీల్స్ బోర్డు 2014లో తేల్చేసింది. 2006కు ముందు పడ్డ శిక్షలకూ ఈ చట్టం వర్తిస్తుందని అదే ఏడాది చెప్పింది. నేరం పేరు మామూలుగా ఉన్నా బాధితులు మైనరా, అసలు ఏం జరిగింది అని కేసు వివరాల్లోకి వెళ్లి చూస్తారు. ఇలాంటి కేసున్నవాళ్లు సొంతంగా ఫారం నింపుకోవద్దు.

ఈ జాబితాలో లేని కేసులకు, అంటే డీయూఐ, చెక్ బౌన్స్, కొట్లాట, డ్రగ్స్ లాంటివాటికి, సిటిజన్ భార్య కోసం వేసే ఐ-130 పిటిషన్‌ను అడ్డుకునే నిషేధం లేదు.

ఐ-130 వేయడం

పెళ్లయ్యాక వేసే పిటిషన్ ఐ-130. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్‌లో వేస్తే 625 డాలర్లు, కాగితం మీద పంపితే 675. దాంతో పాటు భార్య వివరాల ఫారం ఐ-130ఏ, ఇద్దరి పాస్‌పోర్టు ఫొటోలు, మీ సిటిజన్‌షిప్ లేదా గ్రీన్‌కార్డు రుజువు, పెళ్లి సర్టిఫికెట్, ఇద్దరిలో ఎవరికైనా ముందు పెళ్లి అయ్యుంటే దాని విడాకుల డిక్రీ. పెళ్లి నిజమైనదని చూపే ఫొటోలు, ప్రయాణ టికెట్లు, వాట్సాప్ సంభాషణలు కూడా. పెళ్లికార్డు, మండపం ఫొటో చాలవు. సర్టిఫికెట్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుదై ఉండాలి.

ఐ-130లో పిటిషనర్‌ను నేరచరిత్ర గురించి అడిగే ప్రశ్న ఉండదు. అడగలేదు కదా అని తెలియదనుకోకండి, పేరు మీద బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఎలాగూ నడుస్తుంది. ఆడమ్ వాల్ష్ పరిధిలోదేమో అన్న అనుమానం వస్తే వేలిముద్రలకు పిలుస్తారు, కోర్టు కాగితాలు అడుగుతూ నోటీసు పంపుతారు. అడగని డీయూఐ కాగితాలు ముందే గుట్టగా జతచేయమని నేను చెప్పను. ఫైల్లో సిద్ధంగా ఉంచుకోండి, అడిగిన రోజు పంపండి.

పెళ్లికి ముందే ఫియాన్సే వీసా మీద పిలిపించుకునేవాళ్ల సంగతి వేరు. వాళ్లు వేసే ఐ-129ఎఫ్‌లో నేరుగా అడుగుతారు. 2006 జనవరిలో వచ్చిన ఇమ్‌బ్రా (ఇంటర్నేషనల్ మ్యారేజ్ బ్రోకర్ రెగ్యులేషన్ యాక్ట్) చట్టం ప్రకారం గృహహింస, లైంగిక దాడి, పిల్లల మీద హింస, వెంటాడి వేధించడం, హత్య లాంటి నేరాల్లో పడ్డ శిక్షలన్నీ చెప్పాలి, సీల్ చేసినవైనా సరే. మద్యం లేదా డ్రగ్స్ కేసుల్లో వేర్వేరుగా మూడుసార్లు శిక్షపడితే అవీ చెప్పాలి. అంటే ఒక్క డీయూఐ ఇందులోకి రాదు, మూడైతే వస్తాయి. చెప్పినవి కాన్సులేట్ ద్వారా అమ్మాయికి చేరతాయి. ఇంటర్వ్యూ కిటికీ దగ్గర, అద్దం అవతలి నుంచి ఒక అపరిచితుడు చెబితే తెలుసుకోవాల్సిన సంగతి కాదది. మీరే నిశ్చితార్థానికి ముందు చెప్పండి, ఏ వీసా అయినా.

ఇండియాలో ఉన్న కేసు

మొదటి భార్య పెట్టిన 498ఏ కేసు నడుస్తుండగానే రెండో పెళ్లికి సిద్ధమయ్యేవాళ్లు వస్తారు. నడుస్తున్న కేసు శిక్ష కాదు కాబట్టి దాని పేరు మీద సిటిజన్ పిటిషన్ ఆగదు. కానీ లుకౌట్ సర్క్యులర్ ఉంటే శంషాబాద్‌లో దిగగానే మిమ్మల్ని ఆపుతారు, పెళ్లి సంగతి తర్వాత.

అంతకన్నా పెద్ద చిక్కు విడాకులది. అమెరికాలో ఒంటరిగా వెళ్లి తెచ్చుకున్న డిక్రీ ఇండియాలో చెల్లకపోవచ్చు. దీని మీద సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు మన ఊళ్ల కేసే: తిరుపతిలో పెళ్లి, మిస్సోరీలో భర్త తెచ్చుకున్న విడాకులు, ఆ తర్వాత యాదగిరిగుట్టలో రెండో పెళ్లి. మొదటి భార్య బైగమీ కేసు, అంటే తను ఉండగానే రెండో పెళ్లి చేసుకున్నాడన్న కేసు, పెట్టింది. మిస్సోరీ డిక్రీని ఇక్కడి కోర్టులు గుర్తించలేవని సుప్రీంకోర్టు అంది. ఇలాంటి డిక్రీ మీద ఇండియాలో చేసుకున్న పెళ్లి నిలబడకపోతే, ఆ పెళ్లి మీద కట్టిన ఐ-130 కూడా ఊగుతుంది.

ఆమోదం తర్వాత

పిటిషన్ పాసయ్యాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. అక్కడ రెండు ఫీజులు, 120 డాలర్లు, 325 డాలర్లు. భార్య డీఎస్-260 వీసా దరఖాస్తు నింపాలి, పాస్‌పోర్ట్ సేవా ద్వారా పోలీస్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఇక్కడ అడిగే పోలీసు, కోర్టు కాగితాలు వీసా తీసుకునే మనిషివి, మీవి కావు. ఆమెకే కేసు ఉంటే ఆ దారి వేరు, ఐ-601 మినహాయింపు దాకా వెళ్లొచ్చు. సిటిజన్ భార్యకు వీసా నంబర్ల కోసం క్యూ ఉండదు. గ్రీన్‌కార్డుదారు భార్య మాత్రం ఎఫ్2ఏ అనే కేటగిరీ క్యూలో, తన వంతు ఎప్పుడో చెప్పే వీసా బులెటిన్ చూసుకుంటూ ఉండాలి.

మీ వంతు ఐ-864, ఆమెను ఆర్థికంగా పోషిస్తానన్న హామీ. ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. 2025 లెక్కల్లో ఇద్దరున్న ఇంటికి 26,437 డాలర్లు. పాత కేసు నిజంగా దెబ్బకొట్టేది చాలామందికి ఇక్కడే. చట్టం అడ్డుకోదు, కానీ కేసు వల్ల ఉద్యోగం పోయి ఉంటుంది, ఓ ఏడాది టాక్స్ రిటర్న్ పల్చగా ఉంటుంది. అప్పుడు సిటిజనో గ్రీన్‌కార్డుదారో అయిన ఇంకొకరు జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టొచ్చు. బంధువే కానక్కర్లేదు. కానీ బావనో బాబాయినో అడిగేటప్పుడు అది మాట సాయం కాదని చెప్పండి. విడాకులైనా తప్పని బాధ్యత అది.

ఇంటర్వ్యూ ముంబై కాన్సులేట్‌లో. హైదరాబాద్ కాన్సులేట్‌కు వెళ్తే ఈ పని కాదు. ఆఫీసర్ "మీ భర్త మీద ఎప్పుడైనా కేసు ఉందా?" అని అడిగే అవకాశం ఉంది. "2017లో డీయూఐ, ఫైన్ కట్టారు, క్లాసులు పూర్తిచేశారు, పెళ్లికి ముందే నాకు చెప్పారు" అని ఆమె అనగలిగితే మాట అక్కడితో అయిపోతుంది. తెల్లమొహం వేస్తే, ఒకరి గురించి ఒకరికి తెలియని ఈ పెళ్లి నిజమేనా అన్న ప్రశ్న మొదలవుతుంది. ఇంటర్వ్యూకు ముందు డిస్పొజిషన్ కాపీ ఒకటి ఆమెకు పంపి, ఫోన్లో కూర్చుని ఇద్దరూ కలిసి చదవండి.

వీసా ముద్ర పడ్డాక 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు కట్టాలి. అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే ఆమెకు వచ్చేది రెండేళ్ల కార్డే. గడువుకు ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఆ కార్డు మీదున్న షరతులు తీసేయమని కోరే ఐ-751 వేయాలి. ఇంట్లో హింస ఎదురైతే భర్త సంతకం లేకుండా ఆమె ఒక్కతే వేసుకోవచ్చు, 90 రోజుల కోసం ఆగక్కర్లేదు.